కోసిన పండు

చంద్రపూర్‌లో వైశాఖం ఎండకు సాయంత్రమైనా రోడ్డు మీంచి సెగ పోదు. మొన్న మా కోడలితో గోల్ బజార్‌కు కూరగాయలకు వెళ్లి వస్తుంటే, ఒక తోపుడు బండి దగ్గర ఖర్బూజాలు అమ్మే అతను ఒక పండును నిలువునా చీల్చాడు. బొగ్గు దుమ్ము, ఆటోల పొగ, కాలువ కంపు అన్నీ పక్కకు తప్పుకుని ఆ వాసన ఒక్కటే నా ముక్కుకు తగిలింది. నా కాళ్లు ఆగిపోయాయి. అతను ఇంకో పండు చేతిలోకి తీసుకుని, కత్తి పైకెత్తి, "కాపూన్ దేవూ కా, ఆజీ?" అన్నాడు, కోసి ఇవ్వనా నానమ్మా అని. మా కోడలు నా మోచెయ్యి పట్టి లాగింది. "కోసినయి వద్దత్తమ్మా, ఈగలు వాల్తయి. కోయనిది తీస్కొని ఇంటికి పోదాం" అంది. ఆమె చెప్పింది ఆరోగ్యం సంగతే. నాకు మాత్రం మా అవ్వ కళ్లముందు నిలబడింది.

అవ్వ అంటే మా నాయనమ్మ. మా ఊరు రాజురా తాలూకాలో వార్ధా నది ఒడ్డున ఉండేది. నిజాం రాజ్యం పోయినా మేం ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం. నది అవతలి ఒడ్డు, బల్లార్షా, చాందా మధ్యప్రదేశ్‌లో ఉన్నాయి. చంద్రపూర్‌ను అప్పుడు చాందా అనేవాళ్లు. రాష్ట్రాలను విడగొట్టి మళ్లీ కలుపుతారని, మమ్మల్ని బొంబాయిలో వేస్తారని, లేదు తెలుగువాళ్లతోనే ఉంచుతారని చావడి అరుగు మీద పొద్దంతా వాదులాడుకునేవాళ్లు. మా తాత కాసేపు విని, తలగుడ్డ దులుపుకుని, "ఏ రాజ్యంల కలిపినా మన ఎడ్లకు గడ్డి మనమే ఎయ్యాలె" అని లేచి వచ్చేవాడు. మేము పిల్లలం పోళా పండుగకు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి మరాఠీ పాటలు పాడేవాళ్లం, నెల తిరిగేసరికి బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొచ్చి తెలుగు పాటలు పాడేవాళ్లం. రెండు పండుగలకూ భక్ష్యాలు ఒకటే. ఏదో ఒక భాష రాష్ట్రంలో పడితే రెండో పండుగ భక్ష్యాలు మానేయాల్సి వస్తుందేమోనని మాత్రం నాకు బెంగగా ఉండేది.

దసరా దాటాక నదిలో నీళ్లు తగ్గి, నడుమ ఒక పెద్ద ఇసుక దిబ్బ బయటపడేది. నీళ్ల మధ్య దీవి కనుక దాన్ని బేటు అనేవాళ్లం. వానలు వచ్చేదాకా ఆ బేటే మా లోకం. రెండు ఒడ్డుల వాళ్లూ దాన్ని పట్టీలుగా పంచుకుని ఖర్బూజా వేసేవాళ్లు. ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చల్లటి తడి తగులుతుంది, ఆ గుంటలో మేకపెంట వేసి మొలకెత్తిన గింజలు పెట్టాలి. చలిరోజుల్లో గింజ తొందరగా మొలవదు కాబట్టి ఆడవాళ్లు తడిగుడ్డలో మూటకట్టి నడుముకు బిగించుకుని ఒంటి వెచ్చదనంతో మొలకెత్తించేవాళ్లు. తీగలు ఇసుక మీద పాకేకొద్దీ గాలికి ఇసుక కప్పెయ్యకుండా చుట్టూ తుంగ దడి కట్టేవాళ్లు. హోళీ నాటికి పండు తొడిమ దగ్గర తనంతట తాను విడిపోయేది, ఆ వాసన నది దాటి మా వాకిట్లోకి వచ్చేది. పొద్దుటి ఇసుకలో పరుగెత్తడం, మధ్యాహ్నం కాళ్లు కాలి నీళ్లలోకి దూకడం, గుడిసె నీడలో జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం తిని, ఇసుకలో గుంటలు చేసి గవ్వలతో అష్టాచెమ్మ ఆడటం, ఇంతకంటే మంచి ఆస్తి ఇంకొకటి ఉంటుందని ఇప్పటికీ నేను నమ్మను.

ఆ బేటు మీద అందరికంటే బాగా పండించేది మా రుక్మత్త. మా నాన్నకు చెల్లెలు. ఊళ్లు అతలాకుతలమైన రోజుల్లో ఆమె పెళ్లి వాయిదా పడుతూ పోయింది, ఆ తర్వాత ఎవరో ఒకరు వంక పెడుతూ వచ్చారు, ఆమె మాత్రం చీర కచ్చగా బిగించి, ఎడ్లను మగవాళ్లకంటే గట్టిగా అదిలిస్తూ, నది ఈదుకుంటూ బేటుకు వెళ్లేది. నవ్వితే పక్క పట్టీల వాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. తీగ కొస ఎప్పుడు తుంచాలో, ఏ పిందె ఉంచి ఏది తీసెయ్యాలో ఆమెకు తెలిసినంతగా ఇంకొకరికే తెలుసు. అతని పేరు మదారు. మా పట్టీ పక్క పట్టీ వాళ్లది. వాళ్లు తరతరాలుగా తోటలు పెంచే ముస్లింలు. మదారు సన్నగా, నిదానంగా ఉండేవాడు, తీగతో మాట్లాడినంత మెల్లగా మనుషులతోనూ మాట్లాడేవాడు.

ఆ రెండు ఇళ్ల మధ్య ఉన్నది ఇసుక గట్టు ఒక్కటే కాదు. రజాకార్ల రోజుల్లో మా తాత అన్నను చేలోంచి పట్టుకుపోయారు, ఆయన మళ్లీ రాలేదు. పోలీస్ యాక్షన్ జరిగాక కోపం పట్టలేక కొందరు ఊళ్లో ముస్లింల మీద పడ్డారు. ఎవరి జోలికీ పోని తోట మనిషి, మదారు తండ్రి, ఆ రోజు చనిపోయాడు. అంతకుముందు పీరీల పండుగకు ఊరంతా కలిసి నిప్పుల గుండం చుట్టూ ఎగిరేవాళ్లట. నాకు ఊహ తెలిసేసరికి ఆ గుండం పూడిపోయి దాని మీద గడ్డి మొలిచింది. రెండు వైపుల వాళ్లూ పలకరించుకునేవాళ్లు, నావలో పక్కపక్కనే కూర్చునేవాళ్లు, కానీ ఇళ్లలోకి అడుగు పెట్టేవాళ్లు కాదు.

అందుకు అందరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దానికి మా అవ్వే కాపలాదారు. కోయని పండు ఎవరు ఇచ్చినా తీసుకోవచ్చు, అది తీగ ఇచ్చింది, దానికి ఏ ఇల్లూ అంటదు. కత్తి పడి రసం బయటికి వచ్చిందా, అది కోసిన చేతిది. దాన్ని తింటే ఆ చేతివాళ్లతో కంచం పొత్తు పెట్టుకున్నట్టే. అవ్వ తన సొంత వియ్యంకుల ఇంట్లో కూడా కోసిన పండు ముట్టేది కాదు, తనే కత్తి పట్టుకుపోయేది. అందుకే బేటు మీద రుక్మత్త, మదారు గట్టు మీద ఒకరికొకరు పెట్టుకునే పండ్లను ఎవరూ తప్పు పట్టలేదు. ఎవరి పండు ముందు పండుతుందోనని వాళ్ల మధ్య ఏటా పందెం. అతను మొదటి పండు తెచ్చి గట్టు మీద పెట్టేవాడు, మరుసటి రోజు ఆమె అంతకంటే పెద్దది పెట్టేది. కొన్నేళ్లు అన్నీ కోయని పండ్లే.

మా తాలూకా, నది అవతలి ఒడ్డు రెండూ బొంబాయి రాష్ట్రంలో కలిసిన మరుసటి ఏడు, హోళీ దగ్గర పడ్డ ఒక మధ్యాహ్నం, నేను రొట్టెల మూట పట్టుకుని బేటుకు వెళ్లాను. గట్టు ఇటు మా అత్త, అటు మదారు కూర్చుని ఉన్నారు. అతను నడుములోంచి కత్తి తీసి ఒక పండును రెండుగా కోశాడు. కోసి, ఒక ముక్క చాపాడు. మా అత్త ఆ ముక్కను తీసుకుని కొరికింది. రసం గడ్డం మీంచి కారింది, తుడుచుకోలేదు. నాకు అంతా అర్థమయిందని చెప్పను, కానీ ఊరి గుండెలో ఏదో పెద్ద బండ కదిలిందని తెలిసింది.

ఆ సంగతి నేను చెప్పే పని పడలేదు. ఆ సాయంత్రం అవ్వ తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతుంటే, అత్త వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను మదారు కోసిన పండు తిన్న."

తిరగలి ఆగింది. అవ్వ పిండి వంకే చూస్తూ, "ఎవరన్న చూసిండ్రా?" అంది.

"చూడకుంటే నీకు చెప్పకపోదునా?"

తాత వినగానే బావి దగ్గరికి వెళ్లి తలమీద నీళ్లు పోసుకున్నాడు, ఇంట్లో మనిషి పోతే చేసే స్నానం. నాన్న, అమ్మ కూడా చేశారు. అవ్వ చేయలేదు. ఒంట్లో బాగాలేదని ముసుగు తన్ని పడుకుంది. అటు మదారు ఇంట్లోనూ అంతే. మొగుణ్ని చంపిన ఊరి పిల్ల నా గడప తొక్కొద్దని వాళ్లమ్మ తలుపు వేసుకుంది. ఇద్దరూ చాందా వెళ్లి కచేరీలో సంతకాలు పెట్టి పెళ్లి చేసుకున్నారు. తిరిగి వచ్చి, ఏ ఒడ్డూ ఎక్కకుండా, తిన్నగా బేటు మీదికి వెళ్లి తుంగ గుడిసెలో కాపురం పెట్టారు.

ఆ ఏడే బేటు కోసం తగువు ముదిరింది. రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రంలోకి వచ్చాక ఇసుక మాదంటే మాదని కర్రలు లేచాయి, తీగలు పీకారు, ఒకాయన తల పగిలింది. ఇసుక కోసం కొట్టుకున్న ఆ పెద్దమనుషులే, ఇసుక మీద ఉన్న ఇద్దరినీ మాత్రం మీవాళ్లంటే మీవాళ్లని తోసేశారు. వాళ్లు ఏ ఒడ్డు ఎక్కినా కాళ్లు విరగ్గొడతామన్నారు, వాళ్లను ఎక్కించుకోవద్దని నావ నడిపే సోనాజీని బెదిరించారు. మృగశిర వచ్చి వానలు పడితే బేటు మొత్తం నీళ్లలో మునుగుతుంది. "వాన పడనియ్యి, అప్పుడు చూద్దాం" అని రెండు ఒడ్డులా ఒకటే మాట. ఆ ఒక్క మాట మీద మాత్రం హిందువులకూ ముస్లింలకూ పేచీ లేకపోయింది.

మా అత్త మాత్రం రెండు మూడు రోజులకోసారి సోనాజీ చేత ఇంటికి కోయని పండ్లు పంపేది. తాత వాటిని ఎడ్లకు వేయించేవాడు. అవ్వ వాకిట్లోకి వచ్చి ఒకటే అడిగేది, "నీళ్లు ఎంతకొచ్చినయి సోనాజీ?" అని.

మృగశిరకు ముందే ఎగువన వాన పడి నదిలో ఎర్ర నురుగు కనిపించిన రోజునే, కొత్త ప్రభుత్వం తరఫున తహసీల్దారు బేటు కొలవడానికి వచ్చాడు. రెండు ఒడ్డుల పెద్దలూ నావల్లో అక్కడికి చేరారు. తాత మొదటి నావలోనే వెళ్లాడు. జన్మలో నావ ఎక్కని మా అవ్వ, నీళ్లంటే అంత భయపడే అవ్వ, నా చెయ్యి పట్టుకుని రెండో నావ ఎక్కి, బేటు చేరేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది.

కొలత గొలుసు లాగడం అయ్యేసరికి అందరికీ నోళ్లు ఎండాయి. గుడిసె కుండలో నీళ్లున్నా ఎవరూ తాగరు. రుక్మత్త ఒక గంపెడు పండ్లు తెచ్చి దూరంగా పెట్టి పక్కకు జరిగింది. కోయని పండ్లే కదా, అటువాళ్లూ ఇటువాళ్లూ ఒక్కొక్కటి తీసుకుని ఎవరి కత్తితో వాళ్లు కోసుకోసాగారు. అవ్వ కూడా ఒకటి తీసుకుంది. దాన్ని కాసేపు వాసన చూసింది. తర్వాత గుడిసె వైపు తిరిగి పిలిచింది.

"మదారు, గిటు రా బిడ్డా. గీ పండు కోసియ్యి."

కోస్తున్న కత్తులన్నీ ఆగాయి. మదారు మా అత్త వంక చూసి, వచ్చి, వంగి పండు అందుకున్నాడు. కోసి కత్తి కొన మీద ముక్క చాపితే, అవ్వ దాన్ని తీసుకుని నింపాదిగా, తొక్క దాకా తిన్నది. రసం మోచేతి దాకా కారింది. ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది. తింటే నాకేదో అవుతుందని భయపడ్డాను, ఏమీ కాలేదు, పంటి కింద కాస్త ఇసుక తగిలింది, అంతే. ఆ తీపి ఇన్నేళ్లలో మళ్లీ ఏ పండులోనూ దొరకలేదు.

అవ్వ తాత వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "నేను కోసిన పండు తిన్న. పిల్ల గూడ తిన్నది. నీళ్లొస్తే మేం గూడ గీడనే ఉండాల్నా, నావెక్కాల్నా, నువ్వే చెప్పు."

తెలుగు రాని తహసీల్దారు ఇదీ హద్దు తగువే అనుకుని గుమాస్తాను రాసుకోమన్నాడు. తాత ముఖం నల్లబడింది. ఆయన లేచి, పంచె దులుపుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లి నావలో కూర్చున్నాడు. అయిపోయిందనుకున్నాను. సోనాజీ కూడా అలాగే అనుకుని గెడ అందుకున్నాడు.

"ఆగు సోనాజీ" అన్నాడు తాత, నీళ్ల వంకే చూస్తూ. "ఇంక నలుగురు ఎక్కాలె."

నాకు అవ్వా నేనూ ఇద్దరమే లెక్కకు వచ్చాం. సోనాజీ నాకంటే ముందే లెక్క తెలుసుకుని గెడ వదిలి, వంగి, రుక్మత్త గిన్నెల మూట అందుకున్నాడు. మా ఒడ్డున కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు నావ కొసన మా తాత తలగుడ్డ కనిపించింది. ఎవరూ కర్ర ఎత్తలేదు. కొద్ది రోజులకే బేటు మునిగింది, మా పశువుల కొట్టం పక్క గదిలో ఆ వానాకాలం అంతా పొయ్యి వెలిగింది.

తాత మదారు కోసిన పండు ఎప్పుడూ తినలేదు. మా ఇంటిని కులం చాలాకాలం పిలుపులకు దూరం పెట్టింది, మా అక్కకు వచ్చిన సంబంధం వెనక్కి పోయింది, అవ్వ వియ్యంకుల ఇళ్లలో కూర్చునే చోటు మారింది. ఆమె దేనికీ నొచ్చుకోలేదు. మదారు మామ వాళ్లమ్మ మాత్రం వరోరాలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది, మనవరాలు పుట్టాక కూడా చాలా ఏళ్లకు గానీ రాలేదు. అత్తా మామా బల్లార్షాలో పండ్ల దుకాణం పెట్టుకున్నారు. ఎవరి దేవుణ్ని వాళ్లే మొక్కుకున్నారు. ప్రతి ఏడూ దసరా దాటాక బేటుకు వెళ్లి, ఇద్దరూ నడుములకు గింజల మూటలు కట్టుకుని తిరిగేవాళ్లు. ఎన్నో పెద్ద చదువులు చదివిన వాళ్లను చూశాను, అంత ధైర్యం నాకు మళ్లీ కనబడలేదు. అవ్వ, అత్త, మామ, ఈ ముగ్గురిలో ఎవరిది పెద్ద ధైర్యమో ఇప్పటికీ తేల్చుకోలేను, అప్పుడప్పుడు తాతను కూడా కలుపుకుంటాను.

ఇప్పుడు ఆ బేటు లేదు. ఎగువన ఆనకట్టలు వచ్చాయి, ఇసుకను లారీలు ఎత్తుకుపోయాయి, నది ఒక పక్కకు ఒదిగి నల్లగా పారుతోంది. సోనాజీ నావ లేదు, వంతెన మీంచి అందరూ పోతున్నారు. ఖర్బూజా ఎక్కడినుంచో పెట్టెల్లో వస్తోంది. గింజను ఒంటి వెచ్చదనంతో మొలకెత్తించే ఆడవాళ్లు ఎక్కడైనా మిగిలారో లేదో నాకు తెలియదు. అత్త పోయింది, ఆమె పోయిన ఏడే మామా పోయాడు.

బండి అతను ఇంకా కత్తి పైకెత్తి పట్టుకునే ఉన్నాడు. అతని పేరు నేను అడగలేదు. కోడలు చెయ్యి విడిపించుకుని, "గిటు రా బిడ్డా, కోసియ్యి" అన్నాను. అతనికి తెలుగు రాదు, అయినా కోశాడు. అక్కడే నిలబడి తిన్నాను. మోచేతి దాకా కారిన రసం చూసి మా కోడలు రుమాలు తీసింది. నేను రెండో ముక్క ఆమె నోటికి అందించాను. ఆమె ఈగల వంక ఒకసారి చూసి, నా ముఖం వంక చూసి, నోరు తెరిచింది.