నూట ఇరవై బై ఎనభై

తన చదువు సంగతి ఎత్తితే చాలు, కెజియా ముందుగా తన మీద తానే నవ్వుకుంటుంది. నర్సింగు మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో రోగి చేతికి బీపీ పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంది. వినిపించింది తన గుండె దడ ఒక్కటే. పరీక్షకు వచ్చిన మేడమ్ కళ్లార్పకుండా చూస్తోంది. పుస్తకంలో ఉన్న అంకె చెబితే పోలా అనుకుని నూట ఇరవై బై ఎనభై అనేసింది. మేడమ్ తానే చూస్తే పై అంకె నూట డెబ్బై. కెజియా తప్పింది.

సప్లిమెంటరీ సరిగ్గా సకల జనుల సమ్మెలో పడి వాయిదా పడింది. చందానగర్‌లో బస్సు కదలడం లేదు. ఊరంతా తెలంగాణ రావాలని కోరుకుంటుంటే, పరీక్ష రాకూడదని మోకరించి ప్రార్థించిన ఉద్యమకారిణిని నేనొక్కదాన్నే అంటుంది ఇప్పుడు. అప్పుడు మాత్రం అన్నం సయించేది కాదు. ఇంకోసారి తప్పితే చదువు మాన్పించి నల్లగండ్లలో ఏదో క్లినిక్కు రిసెప్షన్‌లో కూర్చోబెడతానని నాన్న ఆనందరావు తేల్చి చెప్పేశాడు.

ఇంటి ఓనరు కొమురయ్య వీధి చివర రిలే నిరాహార దీక్ష టెంటు నడిపేవాడు. ఊరికే కూర్చునే బదులు దీక్షలో ఉన్నవాళ్లకు బీపీ చూసి నోటుబుక్కులో రాయమన్నాడు. కెజియా తెల్లకోటు ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లింది. మైకు హోరులో స్టెతస్కోపులో ఏ చప్పుడూ వినపడేది కాదు. అయినా దర్జాగా రాసేది.

ఎనిమిదో రోజు కొమురయ్య నోటుబుక్కు తిరగేశాడు.

“ఏంది బిడ్డా, నలభై మందికి ఒక్కటే బీపీ ఉన్నదా?”

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. వినపడలేదని, భయమని, పరీక్ష కూడా ఇలాగే పోయిందని, సమ్మె ఆగొద్దని రోజూ ప్రార్థిస్తున్నానని అంతా వెళ్లగక్కింది. కొమురయ్య నవ్వలేదు. మైకు బంద్ చేయించి చొక్కా చేయి పైకి మడిచాడు.

“వినవడకుంటే వినవడలేదని చెప్పు, మళ్ల చూడు. మేమేడికి వోతున్నం? కూసునే ఉన్నం గద.”

మూడోసారికి చప్పుడు అందింది. నూట అరవై బై వంద. ఆ సాయంత్రమే ఆయన్ను దవాఖానకు తీసుకెళ్లారు. కెజియా టెంటుకు వెళ్లిన మొదటి రోజు దీక్షలో కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకడు. ఆయన పేరు పక్కన కూడా ఆమె చేతిరాతతో నూట ఇరవై బై ఎనభై అనే ఉంది. ఈ ముక్క చెప్పేటప్పుడు మాత్రం కెజియా నవ్వదు.

సమ్మె ముగిసింది, పరీక్ష వచ్చింది. అదే మేడమ్, అదే దడ. నాలుక చివరిదాకా వచ్చిన అంకెను కెజియా మింగేసింది.

“వినపడలేదు మేడమ్. మళ్లీ చూస్తాను.”

మేడమ్ కానిమ్మన్నట్టు తలూపింది. రెండోసారి చెప్పిన అంకె పుస్తకంలోది కాదు. పాసైంది.

ఇప్పుడు మణికొండలో ఆమె హెడ్ నర్సు. కొత్తగా చేరిన నర్సు పిల్లలు రాసిన చార్టుల్లో వరసగా నూట ఇరవై బై ఎనభైలు కనబడితే కోప్పడదు. వాళ్ల ముందు కుర్చీ వేసుకుని, చేయి చాపి కూర్చుంటుంది.