మార్త గుమ్మడికాయతో డోర్నకల్‌కు

ఆకురాలు కాలంలో పిల్లలతో చేయించవలసిన పనులు అంటూ ఒక కాగితం మా ఇంటికి వచ్చింది. మా గుడి సండే స్కూలు టీచరమ్మ ఎక్కడినుంచో దించి, ఇంటింటికీ పంచిపెట్టింది. ఎర్రని ఆకు బొమ్మలకు రంగులు వేయాలట, రాలిన ఆకులు ఏరి దండ గుచ్చాలట. నాకు ఒళ్లు మండింది. నవంబరులో వరంగల్‌లో ఏ చెట్టు ఆకు రాల్చుతుంది? మనకు ఆకు రాలేది మాఘం దాటాక. ఇప్పుడు పత్తి పగులుతుంది, వరి కంకి వంగుతుంది. నేను బడికి పోయినవాణ్ణి కాదు. రైలు పట్టాల గ్యాంగులో పని చేస్తూ, మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కొని చదువు నేర్చాను. అందుకేనేమో, అచ్చులో కనబడిన ప్రతిదానితోనూ తగాదా పడతాను.

కాగితం అడుగున ఒక ప్రశ్న ఉంది. ఈ ఏడాది దేవునికి దేనికోసం వందనాలు చెప్తావు, అని. పన్నెండేళ్ల నా మనుమరాలు కెజియా దాని కింద ఏమీ రాయలేదు. వాళ్లమ్మ అడిగితే “ఏం లేదు” అని లేచిపోయింది. ఆగస్టులో నా భార్య మార్త పోయినప్పటినుంచీ ఆ పిల్ల అన్నం ముందు కళ్లు మూసి ప్రార్థన చేయడం మానేసింది. కొడుకు గదమాయించాడు, కోడలు ఏడ్చింది. కాగితాలూ రంగులూ పక్కన పెట్టండి, పిల్లను నేను డోర్నకల్ తీసుకుపోతానన్నాను.

డోర్నకల్ మార్త పుట్టినూరు. రైల్వే క్వార్టర్ల వెనక వాళ్ల చిన్న గుడిలో ఈ రోజుల్లోనే కోత పండుగ జరుగుతుంది. ఎవరింట్లో పండినదాంట్లో తొలిది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక అవన్నీ గుడి ముంగిట్లో వేలం పాడతారు. వరంగల్ సుబేదారిలో మా ఇంటి స్నానాల గది రేకుల మీదికి మార్త ఏటా గుమ్మడి తీగ పాకించేది, తొలి కాయ తనొక్కతే ఆ పండుగకు మోసుకుపోయేది. ఈసారి కూడా తొలకరికి గింజ పెట్టింది తనే. పూత వచ్చేసరికి తను లేదు. పిందెలన్నీ రాలి ఒక్క కాయ నిలిచింది.

ఆదివారం తెల్లవారకముందే ఆటోలో వరంగల్ స్టేషన్‌కు చేరాం. పోదలచినవాళ్లు పొద్దున ఏడింటి ప్యాసింజరు పట్టుకోండి, ఎక్స్‌ప్రెస్‌ల జోలికి పోకండి. ప్యాసింజరులోనే మనుషులు మాట్లాడతారు. టికెట్టు ధర తక్కువే. ప్లాట్‌ఫారం మీది టీ మాత్రం తాగకండి, బొటనవేలంత కప్పులో వేడినీళ్లు పోసి టీ అంటున్నారు. కోడలు కట్టిచ్చిన పులిహోర పొట్లం విప్పుకున్నాం. కెజియా కాయను సీటు కింద పెట్టనివ్వలేదు, ఒళ్లో పెట్టుకుంది.

“నేను ఇయ్య తాతా దీన్ని,” అంది బండి కదలగానే.

ఇయ్యకుంటే ఇయ్యకు, అందరికీ చూపించి మళ్లీ తెచ్చుకుందాం అన్నాను. తీసుకుపోవడమే నాకు కావలసింది. నిజం చెప్పాలంటే ఆ కాయ వేరే ఇంటికి పోవడం నాకూ ఇష్టం లేదు.

నెక్కొండలో ఒక సాయిబు ఎక్కాడు. నా ఈడువాడే, పేరు ఖాసిం, గార్లలో బిడ్డ ఇంటికి పోతున్నాడు. కాయ ఎక్కడ కొన్నరని అడిగాడు. అమ్మేది కాదని కెజియా ముఖం తిప్పుకుంది. నేను సంగతి చెప్పాను. ఆయన తల ఊపి, తన సంచిలోంచి సీతాఫలం తీసి పిల్ల చేతిలో పెట్టాడు. కేసముద్రం దాటాక, ఫలం సగం తిన్న పిల్ల ఉన్నట్టుండి నన్ను అడిగింది.

“నాయినమ్మ దవాఖానల ఉన్నప్పుడు అందరం మోకాళ్ల మీద ప్రార్థన చేసినం గద తాతా. దేవుడు విన్నడా, వినలేదా?”

గుడి అయ్యగార్లతో, టీచర్లతో, పేపర్లతో వాదించిన నోరు నాది. ఆ నోటితోనే తెల్వదు బిడ్డా అన్నాను. ఖాసిం భాయి కిటికీలోంచి చూస్తూ అన్నాడు.

“చాన పెద్ద ప్రశ్న అడిగినవు బిడ్డ. మా అమ్మ పోయినప్పుడు మౌల్వీ సాబ్‌ను నేను గూడ ఇదే అడుగుదామనుకున్న. భయమై, చాయ తాగి వచ్చిన.”

పిల్ల నవ్వింది. ఆగస్టు తర్వాత ఆ నవ్వు వినడం నాకు అదే మొదలు.

గార్లలో ఆయన దిగిపోయాడు. ఈ లైను మీద నేను మోయని పట్టాల కింది స్లీపరు దిమ్మె లేదు. ఇప్పుడు ఆ పని యంత్రాలు చేస్తున్నాయి, మంచిదే, నడుములు బాగుంటాయి. డోర్నకల్ ఇంకా రానేలేదు, కెజియా చెప్పులేసుకుని కాయ ఎత్తుకుని తలుపు దగ్గరకు పోయి నిలబడింది. మార్తదీ అదే అలవాటు. పుట్టినూరి గాలి తగిలితే చాలు, సీట్లో కూర్చోలేకపోయేది. ఇంకా యాళ్ల ఉంది కూసో అని ప్రతిసారీ కసిరేవాణ్ణి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

గుడి స్టేషన్‌నుంచి నడిచే దూరమే. పోయేసరికి గుమ్మానికి వరి కంకుల తోరణం కట్టి ఉంది. అన్ని గుళ్లలో కుర్చీలొచ్చాయి గాని ఇక్కడ ఇంకా చాపల మీదే, మగవాళ్లు ఒక దిక్కు, ఆడవాళ్లు ఒక దిక్కు. మార్త చిన్ననాటి స్నేహితురాలు సువార్తమ్మ ఎదురొచ్చి వందనాలు చెప్పి, పిల్లను ఆడవాళ్ల దిక్కు తీసుకుపోయింది.

అర్పణల వేళ ఆడవాళ్లు గంపలెత్తుకుని వరుస కట్టారు. వడ్లు, కందికాయలు, మొక్కజొన్న పొత్తులు, కాళ్లు కట్టిన కోళ్లు. సువార్తమ్మ తన ముందు ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడి ఉంది. వెనకవాళ్లు జరగమంటే జరగలేదు. కెజియాను దగ్గరకు పిలిచి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తర్వాత తెలిసింది. “ఇది మీ నాయినమ్మ నిలబడే జాగ. ఉత్తగ ఉంచబుద్ధి కాలే.” పిల్ల పోయి ఆ ఖాళీలో నిలబడింది. వరుస నడిచింది, తనూ నడిచింది. బలిపీఠం ముందు వంగి కాయ పెట్టి, ఖాళీ చేతులతో తిరిగి వచ్చింది.

పిల్ల ఇచ్చినందుకు సంతోషించాలి గదా. నాకు మాత్రం కాయే కనబడుతోంది.

వేలం ముంగిట్లో వేపచెట్టు కింద మొదలైంది. ఒక కుర్రవాడు చేతిలో మైకు పట్టుకుని చెవులు పగలగొడుతున్నాడు. చెట్టుకు అటు ఆడవాళ్లు, ఇటు మేము, మధ్యలో గంపల కుప్ప. గుమ్మడికాయ ఎత్తగానే పాడాను. అటునుంచి ఎవరో ఆడమనిషి పైన పాడింది, మైకు హోరులో గొంతు పోల్చుకోలేకపోయాను. నేను పెంచాను. ఆమె పెంచింది. ఇదేం పట్టుదల, ఎవరీ మహాతల్లి అని మెడ చాచి చూసినా కుప్ప అడ్డం. జనం నవ్వుతున్నారు, మైకు కుర్రవాడు రెచ్చగొడుతున్నాడు. నాకు పంతం పెరిగింది. మార్త చేత్తో పెట్టిన తీగ కాయ ఎవరో పరాయి మనిషి కొనుక్కుపోతుంటే చూస్తూ నిలబడాలా? చివరికి ఇంటికి పోయే చార్జీలు తప్ప జేబులో ఉన్నదంతా పాడేశాను. నోరు మూసుకున్నాను. మైకు మూడుసార్లు అరిచి కాయను అటు దిక్కు ఇచ్చేసింది.

గుడి గోడకు ఆనుకుని కూలబడ్డాను. కాసేపటికి కుప్ప పక్కనుంచి కెజియా వచ్చింది, రెండు చేతులా కాయ పట్టుకుని. వెనక సువార్తమ్మ.

పిల్ల తన పుట్టినరోజుకు మార్త ఇచ్చి పోయిన డబ్బులు దాచుకుని తెచ్చిందట. పెట్టి వచ్చిన మరుక్షణం బెంగపడి, ఎట్లాగైనా పాడమని సువార్తమ్మ కొంగు పట్టుకుందట. చాలకపోతే ఆమె తన రొంటినుంచి కలిపింది.

“మనుమరాలి మీదనే పోటీకొచ్చినవా బావా,” అంది సువార్తమ్మ. “ఆ గొంతు నీదని నాకెర్క. జర ఆగుతవనుకున్న. నువ్వెప్పుడన్న ఆగినవా?”

కెజియా ఎంత నవ్విందంటే కాయ జారబోయింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటే కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఇంటికి తీసుకుపోదామా అన్నాను. పిల్ల సువార్తమ్మ దిక్కు తిరిగి, మార్త ఏం చేసేదని అడిగింది. ఏటా ఈ కాయ పాడుకునేది నేనే అని సువార్తమ్మ చెప్పింది. అక్కడికక్కడే కోసి విందు పులుసులో వేసేవారట. గింజలు మాత్రం మార్త కడిగి కొంగున కట్టుకుపోయేదట. ఇన్నేళ్లూ మా కిటికీలో ఆరిన గింజలు బజారువని నేను అనుకున్నాను. ఒక్కనాడూ అడగలేదు, తనూ చెప్పలేదు.

పులుసు వండే ఆఖరి గంజు ఇంకా పొయ్యి ఎక్కలేదు. కెజియా వంటల దగ్గరకు నడిచి, కత్తిపీట ముందు కాయ దింపింది. ఆ పులుసు బంతిలో అందరి ఆకుల్లోనూ పడింది. బెల్లం కొంచెం ఎక్కువైంది, మార్త ఉంటే ఊరుకునేది కాదు.

విందు అయ్యేసరికి తిరుగు రైలు పోయింది. అలా అయితే బెంగపడకండి, మహబూబాబాద్‌దాకా బస్సు ఉంది, అక్కడ తొర్రూరు మీదుగా వరంగల్ బస్సు దొరుకుతుంది. ఆడవాళ్లకు ఉచితం గనక కండక్టరు కెజియాకు జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది, నా దగ్గర డబ్బులు తీసుకుంది. నిరుడు వేసవి సెలవుల్లో ఇదే దారిలో మార్తకూ పిల్లకూ రెండు జీరో టికెట్లు కొట్టించాం. ముసలోనికే చార్జీ పడ్డది అని మార్త తొర్రూరుదాకా ఎగతాళి చేసింది.

తొర్రూరు దగ్గర పత్తి ట్రాక్టర్లు దారికి అడ్డం పడ్డాయి, బస్సు ఆగింది. పొద్దు గుంకుతోంది. చేతిరుమాల్లో తడి గింజల మూట ఒళ్లో పెట్టుకుని కెజియా అంది.

“తాతా, నాకు దేవుని మీద ఇంక కోపం పోలే. కోపంతోని ప్రార్థన చెయ్యొచ్చా?”

ఈసారి నాకు జవాబు తెలుసు. అది ఏ కాగితంలోనూ చదివింది కాదు.

“మీ నాయినమ్మతోని నేను బతుకంత కొట్లాడిన బిడ్డా. మాట్లాడుడు మాత్రం ఒక్కనాడు బంద్ పెట్టలే.”

బస్సు కదిలింది. చూస్తే పిల్ల కళ్లు మూసుకుని ఉంది, కనుబొమలు ముడిపడి ఉన్నాయి, పెదవులు గబగబా కదులుతున్నాయి. గట్టిగానే నిలదీస్తున్నట్టుంది. ఆ సంభాషణలో నాకు పని లేదు. మాది ముగ్గురు కూర్చునే సీటు. మధ్యలో మార్త కూర్చునే జాగ ఖాళీగా ఉంది. వర్ధన్నపేటలో ఒకామె ఎక్కి జరగమంది. సువార్తమ్మ లాగా నాకూ వెంటనే జరగబుద్ధి కాలేదు.