అన్నయ్య నోరు మెదపని అరగంట

మా అన్నయ్య కూతురు, నా మేనకోడలు శ్రావణికి పలమనేరు అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో టీచరుగా ఉద్యోగం వచ్చింది. "ఏనుగులు తిరిగే చోటు నాన్నా, వెలుగుండగానే రండి" అని ఫోనులో చెప్పింది. ఆ హెచ్చరిక మా అన్నయ్యకు ఆహ్వానంలా వినిపించింది. ప్రత్తిపాడులో తన మిరపచేలో నిలబడి కేకేస్తే పక్కచేలో కూలీలు కూడా పలికేంత గొంతు ఆయనది.

శ్రావణిని చూడ్డానికి బయల్దేరే ముందురోజే ఒంగోలులో మా ఇంటికి వచ్చాడు. ఉదయం ఆరింటికి రైలెక్కాం. పదకొండున్నరకు తిరుపతిలో దిగి, పెరుగన్నం తిని, పన్నెండున్నరకు పలమనేరు బస్సు పట్టుకున్నాం. పక్క సీటులో ఉన్న పెద్దావిడను అన్నయ్య అడిగాడు:

"ఏనుగు దగ్గరకెళ్లి ఫోటో తీసుకుంటే ఏం చేస్తుందండీ?"

"నాయనా, అది పొయ్యే దోవలో మనం ఇండ్లు కట్టినాం. దూరంగా ఉండు" అందావిడ.

నాలుగింటికి పలమనేరులో మునిరత్నం అనే అతని ఆటో ఎక్కాం. ఐదు కావస్తుండగా ఒక మలుపు తిరగ్గానే అతను బ్రేకు వేసి, ఆటోను మెల్లగా వెనక్కి తీసి ఆపాడు. ముందు, రోడ్డు మీద ఒక ఏనుగు. చెట్లలోంచి మరో మూడు. వాటి కాళ్ల మధ్య ఒక పిల్ల.

అన్నయ్య ఫోను తీసి దిగబోయాడు. మునిరత్నం చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్. పిల్ల ఉండాది. అరవగూడదు, హారన్ కొట్టగూడదు. దోవిస్తే వాటి పాటికి అవి పోతాయి."

తల్లి ఏనుగు చెవులు విప్పి మావైపు తిరిగింది. అంతలో వెనక నుంచి మోటారుసైకిళ్ల చప్పుడు. మలుపు అవతల వాళ్లకు ఏనుగులు కనపడవు. అన్నయ్య ఫోను నా ఒళ్లో పడేసి దిగాడు. పరుగెత్తలేదు. గబగబా వెనక్కి నడిచి, భుజం మీది తువ్వాలు రోడ్డుకు అడ్డంగా పట్టుకుని, పెదాల మీద వేలు పెట్టాడు. రెండు బైకులు ఆగాయి. వాటి వెనక పాలవ్యాను డ్రైవరు తల బయటపెట్టి ఏదో అడగబోతే, "ఏనుగుపిల్ల ఉందిరా అబ్బాయ్, ఆగు" అన్నాడు, గుసగుసగా. ఆయన గుసగుసలాడటం నేను పుట్టాక వినలేదు.

పిల్ల ఏనుగు నడిరోడ్డు మీద తీరిగ్గా దుమ్ము చల్లుకుంది. అరగంట తర్వాత తల్లి దాన్ని తొండంతో నెట్టింది. ఒక్కొక్కటే మామిడితోట దాటి గుట్టవైపు వెళ్లిపోయాయి. వెనకబడ్డది ఏదైనా ఉంటుందేమోనని మునిరత్నం ఇంకో పది నిమిషాలు ఎవరినీ కదలనివ్వలేదు. తర్వాత దిగి అన్నయ్య చేతులు పట్టుకున్నాడు.

"మీలాంటోళ్లు ఊరికొకరుంటే చాలు సార్."

ఆ రాత్రి శ్రావణి దగ్గర ఉండి, మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణమయ్యాం. ఆ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, వెలుగుండగా చేరండి, ఏనుగులు ఎదురైతే ఆగి దారివ్వండి. సాయంత్రం రైలు సింగరాయకొండ దాటాక, తిరుపతి నుంచి వస్తున్నామని తెలిసి ఎదురు సీటాయన పలకరించాడు.

"దర్శనం బాగా జరిగిందాండీ?"

"దివ్యంగా జరిగిందండీ" అన్నాడు అన్నయ్య ఛాతీ విరుచుకుని. "ఐదుగురూ క్షేమంగా రోడ్డు దాటారు."