చిన్న దవాఖానా మూతపడ్డాక

మా కొండవాలున ఆలివ్ చెట్లకు కొమ్మలు కత్తిరించాలంటే తీజానినే పిలిచేవాళ్ళు. కాయ కోత అయిపోయి చలి ముదిరాక, చేతిరంపం నడుముకి కట్టుకుని చెట్టెక్కేవాడు. ఎక్కేముందు కింద నిలబడి చెట్టుచుట్టూ ఒకసారి తిరిగి చూసేవాడు. ఎక్కాక ఇక తటపటాయింపు ఉండేది కాదు. "పిట్ట ఇటునుంచి దూరి అటు పోవాలి, రెక్కకి ఆకు తగలకూడదు. అదీ కత్తిరింపు" అనేవాడు. మనిషి పొట్టి, నోరు పెద్దది. మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి అతను రాకపోతే వంటవాళ్ళని తిట్టేవాడు ఉండేవాడు కాదు.

అతనికి షుగరుంది. ఎప్పట్నుంచో ఉంది, కానీ దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే పట్టించుకునే పని సల్వాది. సల్వా మా ఊరి చిన్న దవాఖానాలో నర్సు. రెండు గదులు, ఒక బల్ల, మందుల బీరువా. గురువారం గురువారం పట్నం నుంచి డాక్టరు వచ్చేవాడు, మిగతా రోజులు ఆవిడే డాక్టరు. తీజాని మాత్రలకి వెళితే ముందు వేలు పొడిచి నెత్తురు చూసేది, తర్వాత పాదాలు చూసేది.

"మేజోళ్ళు విప్పు."

"ఇంతమంది ముందా? నా పాదాలకేమన్నా పెళ్ళిచూపులా?"

"విప్పుతావా, మహబూబాని పిలవనా?"

పెళ్ళాం పేరు చెప్పగానే విప్పేవాడు. సల్వా ఒక్కో వేలూ విడదీసి చూసేది, ఎక్కడన్నా గీసుకుని ఉంటే కడిగి కట్టు కట్టేది. "టీలో చక్కెర నీళ్ళలా పోసుకుంటావ్, నీ ప్రాణం తియ్యగా పోతుంది చూడు" అని తిట్టి పంపేది. ఆమె ఉన్నన్నాళ్ళూ తీజాని పట్నం ఆసుపత్రి మొహం చూసి ఎరగడు.

సల్వాకి వయసైపోయింది, ఉద్యోగం విరమించి సముద్రతీరాన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ స్థానంలో ఎవర్నీ పంపలేదు. కొన్ని గురువారాలు డాక్టరు కారు వచ్చింది, తర్వాత అదీ మానేసింది. తలుపుకి తాళం పడింది.

తీజానీ, ఇద్దరు పెద్దమనుషులూ, నేనూ కలిసి పట్నంలో ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదస్తుడే, టీ కూడా ఇప్పించాడు. "మీ దవాఖానాకి వచ్చేవాళ్ళు తక్కువ. దానికో మనిషిని పెట్టడం దండగ. పెద్దాసుపత్రి ఉంది కదా, అన్నీ అక్కడే దొరుకుతాయి" అన్నాడు.

"వేలు పొడిపించుకోడానికి పెద్దాసుపత్రికి రమ్మంటారా?" అన్నాడు తీజాని.

ఆయన నవ్వాడు. మేం టీ తాగి వచ్చేశాం.

ఊరినుంచి పట్నానికి నా పికప్ ఒక్కటే బండి. తెల్లారగానే బయల్దేరితే ఆసుపత్రి వరసలో నిలబడి మధ్యాహ్నానికి కిటికీ దగ్గరికి చేరొచ్చు. "ఆ మాత్రలు అయిపోయాయి, వచ్చేవారం రా" అనిపించుకుని తిరిగి రావచ్చు. తీజాని అలా కొన్నిసార్లు వెళ్ళాడు. కత్తిరింపుల కాలం వచ్చేసరికి మానేశాడు. చెట్లు ఆగవు, పిలిచినవాళ్ళూ ఆగరు.

"మాత్రలేవి?" అని మహబూబా అడిగితే, "కాళ్ళు నన్ను మోస్తూనే ఉన్నాయి, ఇంకేం కావాలే?" అనేవాడు.

ఆ చలికాలం నరికిన కొమ్మ మొనొకటి చెప్పు అడుగులోంచి దూరి పాదంలో దిగింది. అతనికి తెలియలేదు. షుగరు మనిషి పాదానికి నొప్పి తెలియదని సల్వా ఎన్నిసార్లు చెప్పిందో! ముందు వాసన పట్టింది మహబూబా. మేజోడు లాగి చూసి నాకు కబురు పంపింది. అప్పటికే మనిషికి జ్వరం, మాట తడబడుతోంది. నేనే పికప్‌లో పరుపు వేసి తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఎవరి చెట్టుకో కొమ్మలు లెక్కపెట్టాడు.

మోకాలి కింద తీసేశారు.

డాక్టర్ రీమ్ అని చిన్నపిల్ల, కళ్ళకింద నలుపు. మర్నాడు వార్డుకొచ్చి కట్టు చూసి, ఉన్నట్టుండి మా మీద విరుచుకుపడింది. "ఇంతదాకా ఏం చేస్తున్నారు? కడిగి కట్టు కడితే పోయే పుండు ఇది! మీ ఊళ్ళో ఎవరూ చూడలేదా?"

"చూసేవాళ్ళని మీవాళ్ళే తీసేశారు తల్లీ" అంది మహబూబా.

పక్క మంచం మీద కొండకి అవతలి ఊరి గొర్రెలకాపరి ఉన్నాడు. అతనికీ పాదమే. "మా ఊళ్ళోనూ తాళమే" అన్నాడు. కిటికీ దగ్గరి ముసలాయన బీపీ మాత్రలు దొరక్క పక్షవాతం వచ్చి పడ్డవాడు. నోరు వంకరపోయినా ఏదో చెప్పబోయాడు, అతని కొడుకు అందుకుని వాళ్ళ ఊరి పేరు చెప్పాడు. అదీ మాకు తెలిసిన ఊరే. డాక్టరమ్మ కాపరి పాదం కట్టు చూడ్డానికి అటు తిరిగింది.

మంచం కోసం వేరే రోగులు నేలమీద కాచుకుని ఉన్నారు గనక తీజానిని తొందరగానే పంపేశారు. "రోజు విడిచి రోజు కట్టు మార్పించండి" అంది రీమ్.

"ఎక్కడ?"

"మీ ఊరి దవాఖా..." అని ఆగిపోయింది.

మహబూబా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "తాళంచెవి ఉంటే ఇవ్వమ్మా, నేనే వెళ్ళి కట్టు కడతా."

ఇంట్లోనే ఆవిడ నీళ్ళు మరగబెట్టి, ఉతికిన గుడ్డతో చేతనైనట్టు చేసింది. గాయం మళ్ళీ చీముపట్టింది. మళ్ళీ పికప్, మళ్ళీ పరుపు. ఈసారి మోకాలి పైకి తీశారు. రెండోసారి వచ్చాక తీజాని రంపం మేనల్లుడికి ఇచ్చేశాడు. ఒకరోజు, వాడు కత్తిరించిన చెట్టు కింద కూర్చుని తీజాని గట్టిగా ఏడ్చాడు. చెట్టు కోసమా, కాలు కోసమా అని నేనడగలేదు.

ఇప్పుడతను నా పికప్‌లో ముందు సీట్లో కూర్చుంటాడు. ఊళ్ళో ఎవర్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలన్నా తనూ వస్తాడు. ఏ కిటికీ ఎప్పుడు తెరుస్తారో, ఏ గుమాస్తాని బతిమాలాలో, ఎవరిమీద అరవాలో అతనికి తెలుసు. మొన్న మా వీధి జైనబ్‌ని తీసుకెళ్ళాం. ఆయాసం. ఇదివరకు సల్వా గొట్టంతో ఆవిరి మందు పట్టిస్తే గంటలో లేచి ఇంటికెళ్ళి వంట చేసుకునేది. ఇప్పుడు పెదాలు నల్లబడేదాకా ఆగి పట్నం వెళ్తోంది.

గేటు కాపలావాడు పలకరించాడు. "వచ్చావా తీజాని మామా! ఈసారి ఎవర్ని తెచ్చావ్?"

"మా ఊరంతా ఒకేసారి పట్టదుగా నాయనా. కొంచెం కొంచెంగా తెస్తున్నా."

వాడు పడీపడీ నవ్వాడు. తీజాని నవ్వలేదు. చంకకర్ర సర్దుకుని గుమ్మం పక్కనున్న చక్రాల కుర్చీలు తోసి చూసి, "అది వద్దు, దాని చక్రం ఇరుక్కుంటుంది. ఇవతలిది తీసుకురా, తొందరగా" అని నన్ను కేకేశాడు.