ఆయుధపూజ చేయించుకున్న క్యాలిక్యులేటర్

నా డిగ్రీకి అడ్డం పడి కూర్చున్నది ఒకే ఒక్క పేపరు, సర్క్యూట్లు. అది గట్టెక్కితే ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ట్రైనీ ఉద్యోగం, లేకపోతే లేదు. అందులో పెద్ద లెక్క ఎప్పుడూ ఒకటే: రెండు సమీకరణాలు, తెలియని కరెంట్లు రెండు, మధ్యలో అసలే లేని సంఖ్య ఒకటి. మైనస్ ఒకటికి వర్గమూలం లేదని బడిలో కొట్టి మరీ చెప్పినవాళ్లు, పెద్ద క్లాసులకు రాగానే ఉందన్నారు. లెక్కల సారు దానికి i అని పేరు పెట్టాడు. ఆ అక్షరం కరెంటుకు ఇచ్చేశామని మా సర్క్యూట్ల సారు j అన్నాడు. లేనిదానికి రెండు పేర్లు!

నాకేం భయం? క్యాలిక్యులేటర్‌లో మోడ్ బటన్ నొక్కి కాంప్లెక్స్‌లో పెడితే ఆ గుణకారాలన్నీ దాని ఖర్మ.

దసరా మరునాడే పరీక్ష పెట్టారు మహానుభావులు. మా నాయన లారీ డ్రైవరు. పండగ రోజు లారీకి, జాకీకి, స్పానర్లకు పసుపు కుంకుమ పెట్టి, పుణ్యం ఎక్కడ తక్కువవుతుందోనని నా క్యాలిక్యులేటర్‌నూ ఆ వరసలో కూర్చోబెట్టాడు. టెంకాయ కొట్టి నీళ్లు అన్నిటి మీదా ధారగా పోశాడు.

"ఏం పని నాయనా ఇది!" అని అరిచాను.

"నీ పనిముట్టు ఇదే గదమ్మా. బండికి చేసి దీనికి చెయ్యకుంటే ఎట్లా?"

తుడిచి చూస్తే వెలిగింది, కూడికలు చేసింది. మోడ్ బటన్ కూడా నొక్కి చూద్దామన్న బుద్ధి నాకు పుట్టలేదు.

పరీక్ష హాల్లో ఆ బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఏడుపొచ్చింది, నిజంగానే. ఇక దిక్కులేక చేత్తో మొదలుపెట్టాను. డిటర్మినెంట్ వేసి, జతలు గుణించి, jని jతో గుణించిన చోటల్లా మైనస్ ఒకటి పెట్టాను. వచ్చిన జవాబు రెండో సమీకరణంలో వేస్తే కుదరలేదు. ఎక్కడో ఒక మైనస్ మింగేశాను. తిట్టుకుంటూ మళ్లీ చేశాను. రెండు వైపులా సమానమయ్యాయి. నాలుగేళ్లలో ఒక సర్క్యూట్ నా మాట వినడం అదే మొదలు.

పాసయ్యాను. నాయన లారీ స్టాండులో మిఠాయి పంచుతూ, "మిషినుకు పూజ చేసింది నేనేప్పా! లేకుంటే యాడ పాసయ్యేది?" అంటున్నాడు. ఒళ్లు మండింది. చెప్పేద్దామని నోరు తెరిచి, ఆయన ముఖంలో వెలుగు చూసి మూసుకున్నాను.

పక్కనున్న డ్రైవరు, "మా పాప గూడా అదే సదువుతాండాది. వచ్చే దసరాకి దాని మిషినూ తెస్తాన్నా," అన్నాడు.

"తేప్పా, దానికేముండాది! ఇంకో టెంకాయ ఎక్కువ కొడదాం," అన్నాడు నాయన.

నేను ఆ డ్రైవరు దగ్గర నంబరు తీసుకుని, పక్కకు పోయి ఆ అమ్మాయికి ఫోన్ చేసి, దసరాలోపు చేత్తో చెయ్యడం నేర్చుకోమని చెప్పాను.