మనవరాలి కబడ్డీ, నా మీటరు

నా మనవరాలి వేలు గుచ్చి షుగరు చూసే పని నా చేతిలోంచి లాక్కున్నారు. నెల రోజులు కబడ్డీ మైదానానికి రావద్దన్నారు. ఇది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

పిల్లకు ఎనిమిదో ఏట టైప్ వన్ షుగరు జబ్బని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ పుట్టదు, రోజూ సూదితో ఇవ్వాలి. కోడలు సూది ముట్టనంది, కొడుక్కి కళ్ళు తిరిగాయి. సూది నేను పట్టుకున్నాను. ఉప్పుగూడలో బర్రెల్ని సాకే ఇల్లు మాది, దూడలకు సూదులు వేసిన చెయ్యి నాది. బడికి పోయింది రెండేళ్ళే. పాలు పోసే ఇళ్ళలో పాత పేపర్లు అడిగి తెచ్చుకుని చదవడం నేర్చాను. డాక్టరు చెప్పిన ప్రతి ముక్కా రాసుకున్నాను: ఆడే రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలి, షుగరు ఎంత ఉంటే బరిలోకి దిగొచ్చు, ఎంత ఉంటే ముందు అరటిపండు తినాలి. ఐదేళ్ళు ఆమె కూతకు పోతుంటే నేను గీత పక్కన మీటరు పట్టుకుని కూర్చున్నాను.

పోయిన ఏడాది మాదన్నపేట మైదానానికి కొత్త కోచ్ వచ్చింది. పాతికేళ్ళ పిల్ల. మొదటి రోజే చొక్కా చెయ్యి మడిచి, దండచేతికి అంటించుకున్న బిళ్ళ చూపించింది. ఆమెకూ ఇదే జబ్బు. వేలు గుచ్చే పని లేకుండా ఆ బిళ్ళే ఫోనులో షుగరు చూపిస్తుంది. నా మనవరాలు దాన్ని కొత్త గాజుల్ని చూసినట్టు చూసింది.

"అక్కా, పట్టుకున్నప్పుడు ఊడిపోదా?"

"పైనుంచి పట్టీ చుట్టుకుంట. నీకు షుగర్ పడిపోయినప్పుడు ఎట్ల తెలుస్తది?"

"పెదవులు తిమ్మిరెక్కుతయి."

ఐదేళ్ళలో ఆ మాట నాతో అనలేదు. ఆ జబ్బు నాకూ ఉంటే బాగుండునని ఆ పూట అనిపించింది. రాయడానికి సిగ్గు పడను.

చాయ్ హోటల్లో నా దోస్తు ఊరుకుంటాడా?

"ఏందన్నా, మొహం గట్ల వెట్టినవ్? కోచ్ మేడం నీకు సవతైందా?"

"నీ చాయ్ నువ్వు తాగు భాయ్."

మరుసటి వారం ఆట మధ్యలో పిల్ల తూలింది. కోచ్ కంటే ముందు పరుగెత్తింది నేనే. మీటరు అరవై చూపింది, డెబ్బైకి తగ్గకూడదు. కోచ్ ముందు నాదే పైచెయ్యి కావాలని, పొద్దున పితికి, చక్కెర కలిపి తెచ్చిన బర్రె పాలు ఫ్లాస్కులోంచి తాగించాను. మా ఇంట్లో కళ్ళు తిరిగినా, కాలు విరిగినా పాలే. పావుగంటైనా వణుకు తగ్గలేదు. మళ్ళీ చూస్తే యాభై ఐదు. కోచ్ నన్ను పక్కకు జరిపి, గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి పట్టించింది. కాసేపటికి పిల్ల తేరుకుని "ఆకలైతంది" అంది.

"బాపు, పాలు మంచియే, గిప్పుడు కాదు" అంది కోచ్. "మీగడ ఉన్న పాలాయె, అండ్ల చక్కెర నెత్తురుల కలవనీకి మస్తు టైం వడ్తది."

"ఐదేండ్ల సంది చూస్తున్న బిడ్డా. నాకు నేర్పకు."

"గందుకే చెప్తున్న. పెదవులు తిమ్మిరెక్కినా ఆమె ఆగలే, నువ్వు లేస్తవేమోనని నీ దిక్కు చూసింది. తన ఒంటి సంగతి తనకు తెల్వాలె. ఒక నెల రాకు బాపు."

మనవరాలు తల వంచుకుని బూటు లేసులు కట్టుకుంది.

సాయంత్రాలు బర్రెల దగ్గర కూర్చుని, ఈ పాటికి ఆమె వేలు ఆ కోచ్ చేతిలో ఉంటుందని లెక్క కట్టేవాణ్ణి. వారం ఓర్చుకున్నాను. ఎనిమిదో రోజు కోచ్‌కు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చివర ఒకటే అడిగాను: పిల్లకు షుగరు పడితే ముందు పిలవాల్సింది నన్నా, మిమ్మల్నా? తేల్చి చెప్పండి.

మూడు రోజులకు జవాబు వచ్చింది. చేతిరాత మా పిల్లది.

"తాతా, అక్క నీ చిట్టీ నాకే ఇచ్చి, జవాబు నువ్వే రాయి అన్నది. షుగర్ పడితే ముందుగాల నాకు తెల్వాలె. మీ ఇద్దర్ని తర్వాత పిలుస్త. మైదానంల వేలు నేనే గుచ్చుకుంటున్న, అక్క ముట్టుకుంటలేదు. నెల అయినంక రా. ఇన్నేండ్లు నువ్వు నా మొహమే చూసినవ్, నా ఆట చూడలే. నేను ఎంత మందిని ఔట్ చేస్తనో నీకు తెల్వనే తెల్వది."