ముందు కడిగే చేతులు

పెద్ద సిస్టర్ పోయిందని వార్డు నుంచి ఫోన్ వచ్చిన పొద్దున నేను ఏడవలేదు. ఫోన్ గూట్లో పెట్టి, పంపు దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కున్నాను. వేళ్ళ సందులు, బొటనవేళ్ళు, గోళ్ళ కింద, అన్నీ. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు రాతిగుండె అని పేరు.

"మనిషి పోయిందని ఫోనొస్తె చేతులు కడుక్కుంటదేంది వదినా, పీడ వదిలినట్టు?" అని మేనత్త అంటే, అమ్మ కాదనలేదు. "ఆ దవాఖానల చేరినకాంచి గట్లనే ఉంది. అన్నిటికి కడుగుడే" అంది.

నేను కడిగింది ఉయ్యాలలో ఉన్న అన్న కూతుర్ని ఎత్తుకోవడానికి. ఆ నిమిషంలో ఎవరినైనా గట్టిగా పట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో ఏమిటి ఎందుకు అని అడగకుండా పట్టుకోనిచ్చేది ఆ పసిది ఒక్కతే. చేతులు కడగకుండా దాన్ని ముట్టుకోవడం నాకు ఇక రాదు. అలా రాకుండా చేసిన మనిషి గురించే ఈ నాలుగు మాటలు.

నేను నర్సింగ్ చదువు ముగించి ట్రైనీగా చేరిన శంషాబాద్ ఆసుపత్రిలో, మేమంతా పెద్ద సిస్టర్ అని పిలిచే ఆమె ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్. అంటే ఒక మంచం మీది జబ్బు మా చేతుల మీదుగా ఇంకో మంచానికి వెళ్ళకుండా కాపు కాసే మనిషి. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆయాల నుంచి సర్జన్ దాకా అందర్నీ "చేతులు?" అని అడిగి, అందరికీ చేదయ్యే ఉద్యోగం. రోజూ షాద్‌నగర్ నుంచి బస్సులో వచ్చేది. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినబడగానే వార్డులో ఆ చివర నుంచి ఈ చివర దాకా శానిటైజర్ సీసాలు టక్ టక్‌మని మోగేవి.

"నేనొస్తున్నట్టు మీకెర్క, సీసాలకెర్క. జర జబ్బుకు గూడ చెప్పుండ్రి, పక్కకు జరుగుతది" అనేది నవ్వకుండా.

తర్వాత ఆమె పద్ధతి మార్చింది. చెప్పులు బయట విడిచి, యూనిఫాం మీద శాలువా కప్పుకుని, ఒళ్ళో టిఫిన్ డబ్బా పెట్టుకుని, ఏదో ఒక మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. రోగికి తోడుగా వచ్చినవాళ్ళ ముఖం ఆసుపత్రిలో ఎవరూ చూడరని ఆమెకు బాగా తెలుసు. ఒకసారి రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరు ఆమె వైపు చూడకుండానే, "అమ్మా, లేచి బయట కూర్చో" అన్నాడు.

"పోత సారూ. మీరు చేతులు కడుక్కున్నంక పోత."

వార్డంతా నవ్వు ఆపుకోలేక చచ్చింది. ఆయన కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడలేదు. ఆ కొన్నాళ్ళూ కడుక్కోవడం మాత్రం మానలేదు.

స్టూలు మీద కూర్చున్నప్పుడు ఆమె కనిపెట్టిందేమిటంటే, రోగిని ముట్టుకున్నాక దాదాపు అందరం కడుక్కుంటున్నాం. ముట్టుకునే ముందు కడుక్కోవడమే మర్చిపోతున్నాం. "ఎనుక కడిగేటప్పుడు ఎవ్వలు చెప్పకున్నా యాదికుంటది. మన భయం మనకుంటది గద" అనేది. రెండూ కావాలి. కానీ ఆమె కన్ను మాత్రం ఆ ముందటి కడుగుడు మీదే ఉండేది.

అది ఆమెకు పంతమైపోయింది ఒక ముసలాయన వల్ల. మహేశ్వరం దగ్గరి పల్లె ఆయనది, కాలి పుండుతో చేరాడు. హౌస్‌సర్జన్ కుర్రాడు కట్టు విప్పి చూసి, మళ్ళీ కట్టి, వెనక్కి తిరిగి సీసా నొక్కి చేతులు బాగా రుద్దుకున్నాడు. నేర్పినట్టే చేశాడు, తప్పేం లేదు. ముసలాయన మెల్లగా తన చేతుల్ని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నన్ను ముట్టుకుంటె మైలయితదా సారూ? నా చిన్నప్పుడు ఊళ్ళె గిట్లనే కడుగుతుండిరి, మేం కూసున్న జాగల."

"అయ్యో తాతా, అది కాదు, రూలు..." అన్నాడు కుర్రాడు.

పెద్ద సిస్టర్ అక్కడే ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ రూలు మాకందరికీ నేర్పింది ఆమే. స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. ఆయన చూస్తుండగా సీసా నొక్కి, ఆరేదాకా రుద్దుకుని, చేయి చాపింది.

"ఇది నీ కోసం తాతా. నా చేతుల ఎవ్వరి జబ్బున్నదో నాకు గూడ ఎర్క లేదు. నీకు అంటొద్దని."

ఆయన ఆలోచించి దుప్పటి కింద నుంచి చేయి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఊరి సంగతులు, పొలం ప్లాట్లయిన సంగతి చాలాసేపు మాట్లాడుకున్నారు. లేచేటప్పుడు ఆమె మళ్ళీ సీసా నొక్కింది. "ఇది పక్క మంచమాయన కోసం."

"గీ ముచ్చట ముందుగాలనే చెప్పొచ్చు గద" అన్నాడు ముసలాయన.

మర్నాటి నుంచి ఆయన మంచం దగ్గరికి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "నా కోసం కడిగినవా?" మా పాఠం కూడా అప్పుడే మారింది. చేతులు కడిగితే చాలదు, ఎవరి కోసమో వాళ్ళకు చెప్పాలి. "కడుక్కునేది వదిలించుకునేతందుకు గాదు బిడ్డా, పట్టుకునేతందుకు" అని ఆమె నాతో అన్నది ఆ సాయంత్రమే, బస్‌స్టాపులో, వేళ్ళ పగుళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ. రోజంతా మందు రుద్ది రుద్ది ఆమె చేతులు చీలి ఉండేవి. బస్సెక్కే ముందు నూనె తప్పనిసరి. నీ తర్వాత రాడ్ పట్టుకున్నోళ్ళు జారుతున్నరని కండక్టర్ మొత్తుకునేవాడట.

దేవత ఏమీ కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. డబ్బాలోని చింతకాయ తొక్కు ఎవరికీ పెట్టేది కాదు. మాస్కులు వేసుకున్న మమ్మల్ని చేతులు చూసి గుర్తుపట్టి, "గోర్లు పెంచినవేంది, పాము పడగ లెక్క?" అని అందరి ముందూ అనేసేది. నన్నయితే మరీ. ఒక వార్డులో కుదురుగా ఉండలేను నేను. చదువులో ఉన్నప్పుడూ అంతే, ఇంట్లోనూ అంతే. ఇంట్లో దాన్ని రోగం అంటారు. ఆమె ఒకరోజు నన్ను కిందికీ మీదికీ చూసి, "నీ కాళ్ళు ఒక్క జాగల ఉండయి. ఉండకపోతె ఉండకపోనీ. నా పనికి తిరిగే కాళ్ళే కావాలె" అంది. నా తిరుగుడు ఒకరికి పనికొస్తుందని నేను వినడం అదే మొదలు.

ఇంటి లెక్క వేరు. అన్న ఎయిర్‌పోర్టుకు క్యాబ్ నడుపుతాడు, అక్కడ తెలిసినవాళ్ళున్నారు. కౌంటర్ దగ్గర ఉద్యోగం చూసిపెట్టాడు. "చీము నెత్తురు ముట్టే పని నీకెందుకే? ఏసీల నిలవడి నమస్తె పెడితె అయిపాయె" అంటాడు. సిస్టర్ పోయాక బాపు కూడా మెత్తగా మొదలుపెట్టాడు: "ఇగ ఆమె గూడ లేదు గద బిడ్డా." ఆమె లేదు కాబట్టి అక్కడ నాకేమీ లేదనుకున్నారు. వార్డులో నర్సింగ్ సూపరింటెండెంట్, సిస్టర్ చేసిన పని నేర్చుకోవడానికి ఎవరొస్తారని అడిగితే అందరం నేల చూశాం. సీసాలు కూడా ఆ వారం పెద్దగా మోగలేదు.

సిస్టర్ పోయిన రోజే, షాద్‌నగర్‌లో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాకిట్లో నీళ్ళ డ్రమ్ము, మగ్గు పెట్టి ఉన్నాయి. శవాన్ని చూసి వెళ్ళేవాళ్ళు కడుక్కోవడానికి. నేను లోపలికి వెళ్ళకముందే మగ్గు ముంచి చేతులు కడుక్కున్నాను. గడపలో కూర్చున్న సిస్టర్ వాళ్ళ అక్క తలెత్తింది.

"పొయ్యేటప్పుడు కడుక్కుంటరు బిడ్డా. నువ్వు వచ్చుడు వచ్చుడే కడుగుతున్నవేంది?"

"ఆమె చెయ్యి పట్టుకుంట పెద్దమ్మా. అందుకే."

"దవాఖాన పిల్లవా?" అంది. తర్వాత లేచి వచ్చి నా ముందు రెండు చేతులూ చాపింది. "నాకు గూడ పొయ్యి."

పోశాను. ఇద్దరం లోపలికి వెళ్ళాం. పెద్ద సిస్టర్ చేయి ఎప్పుడూ చల్లగా, కొంచెం తడిగా ఉండేది. లేదంటే జిడ్డుగా. అది అంత పొడిగా ఉండగా నేను పట్టుకోవడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ వారం ఆఖరున సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళి మాట్లాడి ఇంటికొచ్చాను. చేతులు కడుక్కుని పాపను ఎత్తుకున్నాను. మేనత్త చూసింది, ఈసారి ఉయ్యాల పక్కకు జరిపి దారిచ్చింది. బాపు అన్నం ముందు కూర్చుని, "ఎల్లుండి ఇంటర్వ్యూకు అన్న కారుల..." అని మొదలుపెట్టాడు. పైన విమానం వచ్చింది. విమానం వస్తే మా ఇంట్లో మాట ఆపి, అది పోయాక మిగతా సగం చెప్పుకుంటాం. బాపు ఆగాడు. పాప నా వేలు పట్టుకుంది. చప్పుడు దూరమైంది.

"నేను పోను బాపూ. పెద్ద సిస్టర్ పని నేను తీసుకున్న."